బోను నుండి కందకానికి: జంతు ప్రదర్శనశాలల కొత్త రూపు

నెల్లూరు తీరపు కోట ప్రాంతంవారికి చిరకాలం జంతు ప్రదర్శనశాల అంటే మద్రాసుదే. గూడూరులో రైలెక్కి సెంట్రల్ స్టేషనులో దిగితే పీపుల్స్ పార్కు పక్కనే. 1855లో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు మ్యూజియం ఆవరణలో నెలకొల్పిన ఆ జంతుశాల, కొన్ని ఏండ్లకే ఈ పార్కుకు మారినది. 1985లో నగరం వెలుపల వండలూరు అడవిలో కొత్త రూపంతో తెరవబడినది. 1987లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఏర్పడినది. కోట 2022లో తిరుపతి జిల్లాలో చేరినది.

పీపుల్స్ పార్కులో పులి మీసాలు లెక్కపెట్టిన పెద్దలకు వండలూరు తొలుత నచ్చలేదంటే ఆశ్చర్యం లేదు. ఇంత దూరం పోతే దక్కినది పొదల చాటున ఒక చారల వీపు! ఈ ఫిర్యాదును కొట్టిపారవేయరాదు, పరిశీలించవలె. ఇనుప బోనులో పులి ఈ కొన నుండి ఆ కొనకు అదే దారిన గంటల తరబడి నడిచేది. చూపరులు దానిని హుషారనుకొన్నారు. నిజానికి అది, మైళ్ళకొలది తిరిగి వేటాడే జంతువు చేయ పని లేక పడే బాధకు గుర్తు. పొద కింద నిద్రించే పులి మాత్రం అడవిలో పులి పగటిపూట చేసే పనినే చేస్తున్నది. 1907లో జర్మనీలోని హాంబర్గు వద్ద కార్ల్ హాగెన్‌బెక్ ఊచలు లేని ప్రదర్శనశాలను తెరచినాడు. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో, ఎంత ఎత్తు ఎగరగలదో చూచి దానికి తగినట్లు కందకం త్రవ్వుతారు. చూపరి నిలిచే చోటు నుండి కందకం కంటపడకుండ ఏటవాలు కడతారు. మన దేశపు కొత్త జంతుశాలలు నడిచిన దారి ఇదే.

అయితే కొత్తదల్లా మేలైనది కాదు. తెల్లపులి ఆవరణ ముందు జనం తీరును చూడండి. తెల్లపులి వేరొక జాతి కాదు, మన పులే. ఆ రంగు ఒక అంతర్గత లక్షణం. తల్లి నుండి, తండ్రి నుండి కూడ సంక్రమిస్తేనే బయటపడుతుంది. 1951లో రేవా అడవులలో పట్టుబడిన మోహన్ అనే మగపిల్లను దాని కూతురితోనే జతకట్టించి తెల్లపిల్లలను పుట్టించినారు. నేడు జంతుశాలలలోని తెల్లపులులలో చాలా భాగం ఆ సంతతే. దగ్గర రక్తసంబంధం వల్ల కొన్నిటికి అవకరాలు కలిగినవి. మెల్లకన్ను మాత్రం ఆ రంగును తెచ్చే లోపంతోనే ముడిపడి ఉన్నది. అడవి పులుల రక్షణకు దీనివల్ల ఒనగూడేది లేదు. జనాకర్షణకు తప్ప ఈ ప్రదర్శనకు వేరు సమర్థన కనుపించదు. ఉపాధ్యాయుడు అక్కడ మెండెల్ పాఠం చెప్పగలిగితే అది వేరు మాట.

దీనికంటె ఎంతో విలువైనది, జనం అంతగా పట్టించుకోని సర్కసు సింహం. సర్కసులలో సింహాలను, పులులను ఆడించరాదని ప్రభుత్వం 1998లో ఉత్తరువు చేసిన పిదప, వాటిని చేర్చుకొనేందుకు తిరుపతిలోను విశాఖపట్టణంలోను రక్షణ కేంద్రాలు ఏర్పడినవి. ఆ సింహాలలో పెక్కు గిర్ అడవి జాతికి, ఆఫ్రికా జాతికి పుట్టిన సంకరాలు. అందుచేత వాటికి సంతానం కలుగనీయక ముసలితనం దాకా పోషించినారు. అరుదైన గిర్ జాతిలో మరొక రక్తం కలియరాదనే సూత్రాన్ని ఇంతకంటె స్పష్టంగా ఏ పటం చూపగలదు?

ఇక పక్షులు. ఇక్కడ కోట విద్యార్థికి ఒక అదృష్టం ఉన్నది. 1976 నుండి రక్షితమైన నేలపట్టు దొరవారిసత్రం దగ్గరనే కలదు. అక్కడ గూడబాతులు నీటిలోని చెట్లపై గూళ్ళు కట్టి, పులికాటు సరస్సు, చుట్టుపట్ల చెరువుల చేపలను తెచ్చి పిల్లలకు మేపుతవి. పిల్ల తన ముక్కును తల్లి గొంతుసంచిలో జొనిపి ఆహారం తీసుకొనడం చూచినవానికి ఆ సంచి ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ప్రదర్శనశాలలో చేపలు వేళకు బకెట్టులో అందుతవి. సంచి ఉంటుంది కాని, దాని పని తగ్గినది. హైదరాబాదు బాలునికి ఆ పక్షి అపూర్వమే. కోట బాలునికి అది సగం పక్షి. నేలపట్టును ముందు చూచి, పిమ్మట తిరుపతికి పోతే ఆ సగమేదో వాడే చెప్పగలడు. గూడబాతులు అక్కడ ఉండేది సాధారణంగా అక్టోబరు నుండి మార్చి దాకా. పాఠశాలలు విహారయాత్రకు తేదీ నిర్ణయించేటప్పుడు ఈ నెలలను గుర్తుంచుకొనవలె.