ఒళ్లో గిటారు, చేతిలో ఉక్కు కడ్డీ

దర్బారీ కానడ రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. మెట్లు దిగగొట్టిన మామూలు గిటారు మీద ఆ ఊపు సరిగా పలకదు. కోల్‌కతాకు చెందిన దేబాశిష్ భట్టాచార్య అదే గిటారుతో హిందుస్థానీ విద్వాంసుడయ్యారు. అందుకోసం ఒక గిటారు తర్వాత ఒకటి తానే రూపుదిద్దుకుంటూ వచ్చారు.

1963లో పుట్టిన ఆయన చేతికి చిన్నతనంలోనే హవాయి గిటారు వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో మొదలైన పద్ధతి అది. గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీని జారుస్తారు. 1940లలో టావ్ మో అనే హవాయి గిటారు కళాకారుడు కుటుంబంతో కోల్‌కతాలో మకాం వేయడం ఆ ఊరికి కలిసొచ్చింది. తీగల మీద కడ్డీ లాంటిది జారుస్తూ వాయించే గోటువాద్యం విన్న మనకు ఈ పద్ధతి మరీ కొత్తేమీ కాదు.

ఈ గిటారును రాగాలాపనకు ఎక్కించినవారు జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా. ఆయన సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ ఆల్బమ్‌లో సంతూర్, వేణువుల పక్కన వినిపించే గిటారు కాబ్రాదే. దేబాశిష్ ఆయన దగ్గరే నేర్చుకున్నారు.

చెప్పినంత తేలిక కాదు ఈ విద్య. కడ్డీ కింద మెట్టు ఆసరా ఉండదు, స్వరస్థానానికి చెవే సాక్షి. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. గట్టిగా నొక్కితే తీగ మెట్టుకు తగిలి గరగరమంటుంది, అందుకని తీగల్ని ఎత్తుగా కట్టుకుంటారు. ఎడమ చేయి గాత్రంలా జారుతుంటే కుడి చేతి బొటనవేలు, మరో రెండు వేళ్లు మీటులు వేస్తాయి. విలంబంలో మెప్పించడం ఒక ఎత్తు, ద్రుత తానాల్లో ప్రతి స్వరాన్నీ విడివిడిగా పలికించడం మరో ఎత్తు. దేబాశిష్ కుడి చేతి వేగం ఈ వాద్యానికి అంతకుముందు లేని సంపద.

స్వరం నుంచి స్వరానికి జారే మీండ్ కుదిరినా ఇంకో లోటు మిగిలింది. మీటిన నాదం త్వరగా ఆరిపోతుంది, చివర్లో వేగంగా మీటే ఝాలాకు తాళం పట్టే తీగల్లేవు. అందుకే దేబాశిష్ 24 తీగల చతురంగి అనే గిటారును రూపుదిద్దుకున్నారు. వాయించే తీగలకు తాళం పట్టే చికారీలు, మీటకుండానే అనురణించే తరపు తీగలు తోడయ్యాయి. మన పాలకొల్లు మాండొలిన్ విద్వాంసుడు శ్రీనివాస్ కూడా ఇదే బాధ పడి, మాండొలిన్‌లోని నాలుగు జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. ఆయన తీగలు తగ్గించారు, ఈయన పెంచారు. వెతికింది మాత్రం గమకం చెడకుండా నాదం నిలవడమే.

తర్వాత 14 తీగల గాంధర్వి, నాలుగే తీగల ఆనంది వచ్చాయి. ఆనంది ఉకులేలే అంత చిన్నది. గాయని అయిన ఆయన కూతురి పేరూ ఆనందే. నాకైతే ఆయన విద్వత్తు చతురంగి కన్నా ఈ బుల్లి వాద్యంలోనే ఎక్కువ కనిపిస్తుంది. తరపు తీగల అండ లేకుండా రాగం నిలబెట్టాలి కదా!

2008లో వచ్చిన ఆయన ఆల్బమ్ ‘కల్‌కటా క్రానికల్స్’ గ్రామీకి నామినేట్ అయింది. కొత్తగా వినేవాళ్లు దానితోనే మొదలుపెట్టండి. మూడు గిటార్లూ అందులో ఉన్నాయి.