మంచం కింది కవిత్వం

మేముండేది బోరబండలో. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఎంతో దూరం కాదు. అందుకేనేమో, నేను నవలలు రాస్తానని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "సినిమావాళ్ళు తీసుకున్నారా అండీ?" అని. వాళ్ళని అనాల్సిన పనిలేదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ 1973లో సినిమాలయ్యాయి మరి! నవలకి ఆ ఆశైనా ఉంది. కవితకి ఏముంది చెప్పండి?

మా వీధిలో ఒకావిడ కవితలు రాస్తారు. నేను అక్కయ్యగారూ అని పిలుస్తాను. చీటీ పాడిన డబ్బు పెట్టి ఐదొందల కాపీలు వేయించారు. వేసినవాళ్ళు డబ్బు పుచ్చుకున్నారే గాని, ఒక్క కవిత తీసెయ్యమనలేదు, ఒక్క అచ్చుతప్పు దిద్దలేదు. సభలో పంచగా మిగిలినవన్నీ మంచం కిందికి చేరాయి. "ఇల్లు ఊడ్చినప్పుడల్లా నా కవిత్వమే చీపురుకి అడ్డమొస్తోందమ్మా" అని నవ్వారావిడ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

చిన్న ప్రచురణ సంస్థలన్నీ ఇంతేనా అంటే, కాదు సుమండీ. విజయవాడలో త్రిపురనేని శ్రీనివాస్ 'కవిత్వం ప్రచురణలు' నడిపారు. 1990లో స్త్రీవాద కవితలన్నీ ఏరి 'గురిచూసి పాడే పాట' వేశారు. 1995లో దళిత కవితల 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. ఆ మరుసటి ఏడే, చిన్న వయసులోనే ఆయన పోయారు. మధ్యలో 1993లో ఓల్గా గారి సంపాదకత్వంలో 'నీలి మేఘాలు' వెలువడింది. కథలకైతే కథాసాహితి తరఫున వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ 1990 నాటి కథలతో మొదలుపెట్టి ఏటేటా ఏరి కూర్చారు.

బి.ఏ. చదివే రోజుల్లో, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద 'నీలి మేఘాలు' నా కంటపడింది. విమల వంటిల్లు మీద, కొండేపూడి నిర్మల లేబర్ రూం మీద కవితలు రాసిన కాలం అది. అన్నీ గొప్ప కవితలని నేననను. కొన్ని నినాదం దగ్గరే ఆగిపోయాయి. వరసగా పది చదివితే గొంతులన్నీ ఒకేలా వినిపిస్తాయి కూడా. అయినా, విడిగా చదివితే ఎవరో ఒకావిడ ఇంటి గోడు అనిపించేది, పక్కపక్కన పెట్టేసరికి మనందరి సంగతీ అయింది. ఆ పక్కపక్కన పెట్టడమే సంపాదకుల పని. కాగితం, సిరా డబ్బుకి దొరుకుతాయి. "ఇది ఉండనీయండి, అది వద్దు" అని చెప్పే మనిషి మాత్రం దొరకరు.

మొన్న అక్కయ్యగారి పుస్తకం తీరిగ్గా చదివాను. నలభై కవితల్లో మూడు నిజంగా బాగున్నాయి. అత్తగారి మందుల డబ్బా మీద రాసినదైతే రెండుసార్లు చదువుకున్నాను. భయపడుతూనే ఆ మాట చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చీరకొంగుతో ఆ పుస్తకం దుమ్ము తుడుస్తూ అన్నారు:

"ఈ ముక్క అప్పుడే ఎవరైనా చెప్పివుంటే, చీటీ డబ్బులు మిగిలేవి కదమ్మా! ఇంకో మూడు రాసి ఉండేదాన్ని."