గడిలో వ్రాయవలసిన పేరు

కాజీపల్లి పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు ముగిసి, ఔషధ కర్మాగారముల ద్వారములనుండి కార్మికులు వెలువడు వేళ, ఆ గుంపులో ఎవడు ఇంటికి పోవుచున్నాడో, ఎవడు గదికి పోవుచున్నాడో నడకనుబట్టియే పోల్చుకొనవచ్చునని నాకు చాలకాలముగా నొక నమ్మిక. ఇంటికి పోవువాడు తొందరపడును. గదికి పోవువాడు టీకొట్టు దగ్గర ఆగును.

బాలసదనములలో పెరిగి, 18 ఏండ్లు నిండగానే వెలుపలికి వచ్చి, బొల్లారము, గడ్డపోతారము, కాజీపల్లి చుట్టుప్రక్కల రేకుల గదులలో తొలిసారిగా ఒంటరిగా పొయ్యి వెలిగించుకొను యువకులకు కొన్నియేండ్లుగా నేను చేతనైనంత తోడుండుచున్నాను. ఇదియు నొక పనితనమే. చెక్కలోని పొర వడ్రంగి వ్రేళ్లకు తెలిసినట్లు, ఎంతవరకు పట్టుకొనవలెనో, ఏ క్షణమున చేయి తీయవలెనో తెలియుటకు ఏండ్లు పట్టును. నేనింకను నేర్చుకొనుచునే యున్నాను.

చట్టమునకు ఈ బిడ్డలయెడ దయ లేకపోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టపు 46వ సెక్షను, సంరక్షణాలయమును వీడిన యువతీయువకులు సమాజములో నిలద్రొక్కుకొనుటకై ఆర్థికసహాయము చేయవచ్చుననుచున్నది. నియమములు ఆ అనంతర సంరక్షణను 21వ యేటివరకును, ప్రత్యేక పరిస్థితులలో 23వ యేటివరకును సాగనిచ్చుచున్నవి. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు అందులకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. ఆ సొమ్ము చేతికందినవానికి అద్దె యగును, బియ్యమగును. దానిని నేను తక్కువచేయను. కాని ఇంటి యజమానురాలు గుమ్మములో నిలిచి అడుగు ప్రశ్నకు అందులో జవాబు లేదు.

"ఏ ఊరు బిడ్డా మీది? మీ అమ్మానాయిన యాడుంటరు?"

ఆమె కఠినురాలు కాదు. బ్రహ్మచారులకు గది ఇచ్చి నష్టపోయినవారి కథలు విన్నది, అంతే. ఆ ప్రశ్న వినగానే మొదట నా వెంట వచ్చిన కుర్రవాడు తలవంచుకొని నావైపు చూచెను. నేను ముందుకు వచ్చి, "పూచీ నాది" అంటిని. గది దొరికెను. కాని ఆనాటినుండి కుళాయి చెడినను, కరెంటు బిల్లు వచ్చినను ఆమె నాకే ఫోను చేసెడిది. ఆ ఇంట ఆరునెలలు నివసించియు వాడు ఎవరికిని ఏమియు కాకుండ పోయెను. వాని నోటి మాటను నేనే లాగుకొంటినని అప్పుడు తెలిసి చాల బాధపడితిని. తరువాత వచ్చినవానితో ముందురాత్రి కూర్చుండి, చెప్పవలసిన నాలుగు మాటలు వానిచేతనే కూర్పించి, మరునాడు నేను వీధిలోనే నిలిచితిని. "నాకు అమ్మానాయిన లేరమ్మా, సదనంల పెరిగిన. కంపెనీల పని. ఏడో తారీకు జీతం, ఎనిమిదిన కిరాయి ఇస్త." రెండిండ్లవారు లేదనిరి. మూడవ ఇంటి ముసలమ్మ తాళపుచెవి ఇచ్చెను.

వంట మాట ఒకటి చెప్పవలెను. నూరుమందికి వండిన అన్నము తిని పెరిగినవానికి, ఒక్క కడుపునకు బియ్యమెన్ని పోయవలెనో తెలియదు. ఐదు కిలోల చిన్న గ్యాస్ బండ తెచ్చుకొన్న మొదటివారమంతయు వాడు చద్దన్నమే తినును. అది వానంతట వాడే నేర్చుకొనవలసినది, నేను కలుగజేసికొనను. జీతపుచీటిలో భవిష్యనిధి కోత చూపుట, ఈఎస్ఐ కార్డుతో రామచంద్రాపురము ఆసుపత్రికి ఒకమారు వెంటబోవుట, ముఖమునకు మాస్కు లేకుండ రియాక్టరు దగ్గరకు పొమ్మన్నచో పోనని చెప్పు ధైర్యమిచ్చుట, ఇవి మాత్రము నా వంతు.

2025 జూన్ 30న పాశమైలారములో కర్మాగారము పేలి నలువదిమందికి పైగా కార్మికులు మరణించిన పిమ్మట, భవిష్యనిధి ఫారములో నామినీ అను గడిని నేను పూర్వమువలె తేలికగా దాటలేకున్నాను. ఒక సాయంకాలము ఆ గడి దగ్గర ఒక కుర్రవాని కలము ఆగెను. "సార్, మీ పేరు రాయాల్నా?" అని అడిగెను. ఆ క్షణమున నాకు కలిగిన సంతోషము ఎంతటిదో దాని వెంట కలిగిన భయమును అంతటిదే. కుటుంబము లేని సభ్యుడు తనకిష్టమైన ఎవరి పేరైనను వ్రాయవచ్చుననియు, తరువాత కుటుంబమేర్పడినచో ఆ వ్రాత చెల్లక మరల వ్రాయవలసియుండుననియు వానికి చెప్పి, "నడిరాత్రి జ్వరమొస్తె ఎవరికి ఫోను చేస్తవ్?" అని మాత్రమే అడిగితిని. వాడు సదనములో తొమ్మిదేండ్లు తన ప్రక్క మంచముపై పండుకొన్నవాని పేరు వ్రాసెను. బంధుత్వమను గడిలో "స్నేహితుడు" అని వ్రాసి, కొంచెమాగి, "తమ్ముడే సార్, కానీ కాయితంల ఇట్లనే రాయాలె గద" అనెను.

మొన్న ఆదివారము వాని గదికి పోయితిని. అన్నము కొంచెము అడుగంటినది, పప్పు బాగున్నది. నాకు క్రొత్త స్టీలుకంచములో వడ్డించెను. దాని అంచున దుకాణమువారి చీటి ఇంకను ఊడలేదు. తాను మాత్రము సదనమునుండి తెచ్చుకొన్న పాతకంచములోనే తినెను. దాని వెనుక గీరిన సంఖ్య 37.