గోడ దూకే ముందు

లండన్‌లో థేమ్స్‌కు దక్షిణాన, వాక్సాల్ ప్రాంతంలో ఇళ్ల నడుమ రకరకాల ఎత్తుల గోడలున్నాయి. గోడల్నీ మెట్లనీ దూకుతూ, ఎక్కుతూ దాటే విద్య పార్కూర్. బ్రిటన్‌లో దాన్ని సాధన చేసేవాళ్లలో ఆ గోడల పేరు విననివాళ్లు అరుదు. దూకడానికి పట్టేది ఒక్క క్షణం. మిగతా సమయమంతా చూసుకోవడానికే పోతుంది. గోడ అంచును అరచేత్తో రుద్ది తడి, ఇసుక ఉన్నాయేమో చూస్తారు. ఇటుక కదులుతోందేమో నొక్కి చూస్తారు. ఎడం ఎంతో తమ పాదాలతోనే కొలుస్తారు. అంతే దూరాన్ని నేల మీద రెండు గీతల మధ్య పదేపదే దూకి, పాదం ప్రతిసారీ గీత మీదే నిలుస్తోందని గురి కుదిరాకే గోడ ఎక్కుతారు. కుదరకపోతే ఆ రోజుకి మానేస్తారు. అలా మానుకోగలగడం కూడా ఈ విద్యలో భాగమే.

పార్కూర్ అనగానే మేడల మీద గంతులు గుర్తొస్తే అది తెర చలవ. 2003లో ఛానల్ 4 ప్రసారం చేసిన ‘జంప్ లండన్’ అనే డాక్యుమెంటరీలో పార్కూర్ సాధకుడు సెబాస్టియన్ ఫూకాన్, ఇద్దరు మిత్రులతో కలిసి రాయల్ ఆల్బర్ట్ హాల్ లాంటి కట్టడాల మీద పరుగులు తీశాడు. 2006లో ‘క్యాసినో రాయల్’లో జేమ్స్ బాండ్ వెంటాడింది కూడా అతన్నే. ఆ దృశ్యాలు ఈ విద్యకు పేరు తెచ్చాయి, దాని స్వభావాన్ని మాత్రం మరుగుపరిచాయి. దీని పుట్టుక పారిస్ దగ్గరి లిస్ అనే చిన్న ఊళ్లో. డేవిడ్ బెల్, అతని మిత్రులు అక్కడి మెట్లూ గోడల మీదే దీన్ని సాధన చేశారు. డేవిడ్‌కు స్ఫూర్తి తండ్రి రేమండ్, పారిస్ అగ్నిమాపక దళంలో పేరున్న సైనికుడు. అంతకు ముందే జార్జ్ హెబేర్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పరుగు, పాకుడు, ఎక్కుడు, బరువులెత్తుడు కలిపి ఒక వ్యాయామ పద్ధతి రూపొందించాడు. పదిమందికి పనికిరావడానికే ఒంట్లో బలం ఉండాలన్నది ఆయన సూత్రం. పార్కూర్‌కు వేరు అక్కడుంది.

కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది దిగడం. ముని పాదాల మీద ఆని, మోకాళ్లు మరీ మడతపడకుండా, తుంటి, తొడ కండరాలతో దెబ్బను మింగాలి. చప్పుడు వినిపించిందంటే ఆ బరువు కీళ్ల మీద పడిందన్నమాటే. అందుకే మంచి శిక్షకులు కళ్లతో పాటు చెవులతోనూ పాఠం చెబుతారు. ముందుకు వేగం ఉన్నప్పుడు ఒక భుజం నుంచి అవతలి తుంటి దాకా వీపు మీదుగా ఏటవాలుగా దొర్లుతారు. వెన్నెముక నేరుగా నేలకు తగలదు. గోడ అంచు పట్టుకుని పైకి లేవడం, సన్నని కమ్మీ మీద నిలకడగా నడవడం, నాలుగు కాళ్ల మీద మెట్లు ఎక్కి దిగడం ఆ తర్వాతి పాఠాలు. ఈ చివరిది చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది కానీ, భుజాలకీ నడుముకీ దీన్ని మించిన పని దొరకదు. బ్రిటన్ వానకు గోడలు తడిసిన రోజున సాధన సగం దీంతోనే గడుస్తుంది.

కండ బలపడినంత త్వరగా స్నాయువు బలపడదు, ఎముక గట్టిపడదు. చిన్న చిన్న ఒత్తిళ్లను నెలల తరబడి అందిస్తేనే అవి గట్టిపడతాయి. తొందరపడి ఎత్తులకు పోయినవాళ్లు మోకాళ్లు పోగొట్టుకుంటారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా దూకగలగాలంటే ఈరోజు ఎంత దూకాలి? సాధకుడు రోజూ వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

ఈ సాధన కుర్రవాళ్లకే కాదు. అరవై ఐదు దాటినవాళ్లలో ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడిపోతారని బ్రిటన్ ఆరోగ్య సేవ చెబుతుంది. నిలకడ, కాళ్ల బలం పెంచే కదలికలు వారానికి రెండు రోజులైనా చేయాలని 2019లో అక్కడి ముఖ్య వైద్యాధికారులు పెద్దవాళ్లకు సూచించారు. పడకుండా నిలదొక్కుకోవడం, పడ్డా చేతులు విరగకుండా పడడం, నేల మీంచి తనంతట తాను లేవడం పార్కూర్ మొదటి పాఠాల్లోనే ఉన్నాయి. లండన్‌లో పెద్ద వయసువాళ్లకు విడిగా తరగతులు నడవడంలో వింతేమీ లేదు. నా దృష్టిలో ఈ విద్యకు అసలైన విలువ అక్కడే ఉంది.

2009లో ఏర్పడిన పార్కూర్ యూకే అనే సంస్థ కృషితో 2017 జనవరిలో బ్రిటన్ దీన్ని అధికారికంగా క్రీడగా గుర్తించింది. ప్రపంచంలో అలా గుర్తించిన మొదటి దేశం అదే. అదే ఏడాది అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య దీన్ని తన గొడుగు కిందికి లాక్కోబోతే సాధకులు ఎదురు తిరిగారు. వారి పక్షమే న్యాయమైనది. 2022లో టోక్యోలో ఆ సమాఖ్య ప్రపంచ పోటీలు జరిపింది. అయితే, దూకకుండా వెనుదిరిగిన వివేకానికి ఏ న్యాయనిర్ణేతా మార్కులు వేయలేడు.

మన ఊళ్లలో కోతికొమ్మచ్చి ఆడిన తరానికి ఇదంతా కొత్త కాదు. ఏ కొమ్మ ఆగుతుందో, ఏది విరుగుతుందో చేత్తో తెలుసుకున్న పిల్లలం మనం. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లవాడు పిట్టగోడ ఎక్కగానే ‘పడతావ్, దిగు’ అంటారు. ఆ భయంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ దిగమని చెప్పినంత మాత్రాన దిగడం రాదు. అర్హత ఉన్న శిక్షకులు నడిపే తరగతిలో పిల్లల్ని చేర్పించండి. వాళ్లను దించేసి కారులో కూర్చోకుండా పెద్దల తరగతి ఉందేమో కనుక్కుని మీరూ చేరండి. మొదటి రోజు దూకాల్సింది నేల మీది గీతనే.