విలన్ లేని ప్రేమకథ 'మల్లీశ్వరి'

ప్రేమికుల్ని విడదీయడానికి మన సినిమాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు. మీసం మెలేసే జమీందారో, ఆస్తి మీద కన్నేసిన మేనమామో, పరువు కోసం పంతం పట్టిన తండ్రో. వాడి పొగరు అణిగితే కథ సుఖాంతం. 1951 డిసెంబరులో విడుదలైన వాహినీ వారి 'మల్లీశ్వరి'లో అలాంటివాడే లేడు. మల్లి తల్లి నాగమ్మకు కాస్త డబ్బాశ, అంతే. ఆడపిల్ల సుఖపడాలనుకునే తల్లిని దుర్మార్గురాలని ఎలా అంటాం? అయినా ఈ సినిమాలో ఉన్నంత ఎడబాటు బాధ, ఆ తర్వాత వచ్చిన ప్రేమకథల్లో నాకు చాలా అరుదుగా కనిపించింది. దర్శక నిర్మాత బి.ఎన్.రెడ్డి గొప్పతనమంతా అక్కడే ఉంది.

శ్రీకృష్ణదేవరాయల కాలం. వీరాపురంలో మల్లి, నాగరాజు బావామరదళ్లు. చిన్ననాటి నుంచీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఓ రోజు ఎడ్లబండిలో ఊరికి తిరిగి వస్తుంటే వాన పట్టుకుంటుంది. దారిలో ఉన్న పాత మంటపంలోకి చేరతారు. బావ అడిగాడని మల్లి ఓ జావళికి ఆడి పాడుతుంది. మారువేషాల్లో దేశం తిరుగుతున్న రాయలు, అల్లసాని పెద్దన అదే మంటపంలో ఉండి ఆ ఆట చూస్తారు. వాళ్లెవరో తెలియని నాగరాజు, మురిపెం పట్టలేక, రాయలవారితో చెప్పి మా మల్లికి రాణివాసం పల్లకి పంపించండని వేళాకోళమాడతాడు. ముగ్గురూ నవ్వుకుంటారు. మల్లి మాత్రం బావ మీద బుంగమూతి పెడుతుంది.

ఆ పల్లకి నిజంగానే వస్తుంది. నాగరాజు మల్లిని పెళ్లాడడానికి డబ్బు గడించి తేవాలని ఊరు దాటి వెళ్లిన సమయంలో వస్తుంది. పంపిన రాయలు గౌరవమనుకునే పంపాడు. కోరినవాడు సరదాకే కోరాడు. తల్లి అదృష్టమనే మురిసింది. ఒక్కరి మనసులోనూ కల్మషం లేదు, ఇద్దరి బతుకులు మాత్రం చెదిరిపోయాయి. తిట్టడానికి ఎవరూ దొరకని దుఃఖం ఇది. అందుకే ప్రేక్షకుడి గుండెలోనే నిలిచిపోతుంది.

ఈ సినిమాతోనే దేవులపల్లి కృష్ణశాస్త్రి చిత్రరంగంలోకి వచ్చారు. మాటలూ పాటలూ రెండూ ఆయనవే. భావకవి రాస్తే సంభాషణలు బరువెక్కుతాయేమోనని ఎవరైనా అనుకోవచ్చు. ఇక్కడ జరిగింది వేరు. మల్లి, నాగరాజు మాట్లాడుకునేది పల్లెటూరి బావామరదళ్ల దెప్పుళ్లు, అలకలు, బెట్టు. ప్రేమ అన్న మాట నోట రావలసిన అవసరమే వాళ్లకు లేదు. చెప్పుకోలేనిదంతా పాటకి వదిలేశారు కవి. దూరమైన ఇద్దరూ మేఘంతో కబురంపుకునే యుగళగీతం చూడండి. కాళిదాసు యక్షుడి నాటి రాయబారమే అయినా, వింటున్నప్పుడు కావ్యం గుర్తుకు రాదు, వీరాపురమే కళ్లకు కడుతుంది. సాలూరి రాజేశ్వరరావు బాణీ, ఘంటసాల, భానుమతి గొంతులు ఒకే వేదనను రెండు చోట్ల నుంచి వినిపిస్తాయి. చిన్నపిల్లల ఆటపాట, బండి మీద పాట, వానలో జావళి, తుంగభద్ర ఒడ్డున ఎదురుచూపు. ఏ పాట తీసేసినా కథలో ఓ మెట్టు ఊడిపోతుంది.

నలుపు తెలుపు సినిమా అంటే రంగుల్లేని సినిమా అనుకునే పిల్లలకు ఈ చిత్రాన్ని చూపించాలి. రంగు లేనప్పుడు కన్ను వెలుగునీ నీడనీ, మనిషి ముఖాన్నీ పట్టించుకుంటుంది. ఆది ఎం. ఇరానీ ఛాయాగ్రహణం, ఎ.కె.శేఖర్ కళాదర్శకత్వం ఆ సంగతి ఎరిగినవాళ్ల పని. మద్రాసు స్టూడియోలో కట్టిన రాయల నగరం కంటికి ఎంత నిండుగా ఉన్నా, కెమెరా ఆ వైభవం చూపిస్తూ కూర్చోదు. ఆ పెద్ద పెద్ద స్తంభాల నడుమ మల్లి ఎంత చిన్నదైపోయిందో చూపిస్తుంది. వీరాపురంలో గంతులేసిన పిల్ల అంతఃపురంలో అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచిస్తుంది. అదే నగరంలో శిల్పిగా ఉలి పట్టిన బావ ఎదురైనా పలకరించడానికి లేదు. అక్కడ మల్లిగా భానుమతి ఏడుపును దాదాపు కళ్లలోనే ఆపేసింది. పొగరుకు పేరుపడ్డ నటి ఇంత నిబ్బరంగా, ఇంత మెత్తగా నటించడం చూసి తీరాలి. ఎన్టీ రామారావు అదే ఏడాది 'పాతాళభైరవి'లో తోటరాముడై సాహసాలు చేశారు. ఇక్కడ నాగరాజుగా ఆయన చేతిలో కత్తి లేదు, మరదలి మీద మమకారం తప్ప మరో బలం లేదు. ఆ రెండు పాత్రలూ ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కాదు.

చివరకు రాయల క్షమతో కథ సుఖాంతమవుతుంది. కొందరికి అది సులువైన ముగింపు అనిపించవచ్చు. నాకు మాత్రం అదే న్యాయమనిపిస్తుంది. తెలియక ముడివేసిన చెయ్యే తెలుసుకుని విప్పాలి కదా.

ఈ చిత్రాన్ని చైనా భాషలో ఉపశీర్షికలు వేసి అక్కడి వాళ్లకు చూపించారు. 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్.రెడ్డికి 1974లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. దక్షిణాది నుంచి ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి ఆయనే. పాటల్ని ఫోనులో ముక్కలు ముక్కలుగా విని ఇదే 'మల్లీశ్వరి' అనుకోకండి. ఓ ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున చూడండి. మన భాషలో ప్రేమకథ ఎంత మర్యాదగా, ఎంత లోతుగా చెప్పవచ్చో వాళ్లకూ తెలుస్తుంది.