ఆవపెట్టిన పనసపొట్టు

గోదావరి జిల్లాల్లో పెళ్లివారి విస్తట్లో పనసపొట్టు కూర పడకపోతే భోజనంలో వెలితే. ఖరీదైన దినుసులేవీ అక్కర్లేని ఈ కూరకు అంత మర్యాద దక్కడానికి కారణం పనితనం. కాయ ఎంచుకోవడం మొదలు ఆవ కలపడం దాకా ఏ మెట్టు తప్పినా రుచి తప్పుతుంది.

పొట్టుకు లేతకాయే కావాలి. లోపల పిక్క గట్టిపడితే అది ముక్కల కూరకో పులుసుకో పోవలసిందే. పనస మానుకీ పెద్ద కొమ్మలకీ గుత్తులుగా కాస్తుంది. పిందెలన్నీ చెట్టునే ఉంచేస్తే ఏదీ సరిగా ఊరదు. కొన్నిటిని లేతగా కోసేస్తే మిగిలినవి బలంగా ఎదుగుతాయి. వంటకు కోసిన కాయ చెట్టుకూ మేలే చేస్తుందన్నమాట.

తర్వాతది కత్తిపని. కాయ కోయగానే పాలు కారి బంకలా పట్టేస్తాయి కాబట్టి చేతులకూ కత్తికీ ముందే నూనె రాసుకోవాలి. ముళ్ల చెక్కు తీసేసి, కాయ మీద దగ్గరదగ్గరగా గాట్లు పడేలా కత్తితో కొట్టి, ఆ పొరను సన్నగా చెక్కుతూ పోవాలి. పీచు పీచుగా రాలిపడేదే పొట్టు. మిక్సీలో తిప్పితే ముద్దయిపోతుంది, పంటికి ఏమీ తగలదు. అందుకే గోదావరి ఊళ్ల బజార్లలో పొట్టు కొట్టి అమ్మేవాళ్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది.

పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, వార్చి, నీరు లేకుండా పిండాలి. నువ్వులనూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకుతో ధారాళంగా పోపు పెట్టి, చిక్కటి చింతపండు గుజ్జు పోసి పచ్చివాసన పోయాక పొట్టు కలపాలి. జీడిపప్పు, వేయించిన వడియాలు ఇష్టాన్నిబట్టి.

ఆవ మాత్రం కూర దించి, చల్లారాకే కలపాలి. ఆవాలు నీటితో నూరినప్పుడే ఆవకు ఘాటు పుడుతుంది. పొయ్యి వేడికి అది పోతుంది, చేదూ తేలుతుంది. చల్లారిన కూరకు పట్టిన ఆవ గంటలు గడిచేకొద్దీ ఊరి, మర్నాటికి ఇంకా రుచిస్తుంది.

ఈ చెట్టు ఇచ్చేది పొట్టొక్కటే కాదు. పండితే తొనలు తింటారు; పిక్కల్ని కాల్చుకుంటారు, ఉడకబెట్టుకుంటారు, కూరల్లో వేస్తారు. కోనసీమలో పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలుగా కుట్టి, వాటిలో మినప్పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు. అంబాజీపేట వాటికి పెట్టింది పేరు. ఆకు వాసన పిండికి పట్టడమే అందులోని సొగసు. బొబ్బిలిలో వీణ మలిచేదీ పనస దుంగలోనే.

కేరళ 2018లో పనసను రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది. మనం పెరట్లో చెట్టును కొట్టేసి, పొట్టును పెళ్లిళ్ల వంటవాళ్లకు వదిలేస్తున్నాం. చోటున్నవాళ్లు ఒక పనస అంటు నాటండి. లేనివాళ్లు ఈ వేసవిలో కొట్టిన పొట్టు కొని, ఇంటి పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని వండండి. ఆవ ఎప్పుడు కలపాలో వాళ్లకు చూపిస్తే చాలు, ఈ కూర మరో తరం బతుకుతుంది.