కొండ కనిపిస్తే ఎక్కబుద్ధి కావాలి

పల్లె దాటి నాలుగడుగులు వేశామో లేదో, ఆకాశంలోంచి ఒకడు కేక పెట్టుకుంటూ వచ్చి దబ్బున పడి చచ్చిపోతాడు. పేరు టార్హియెల్. దగ్గరికెళ్లి వెతికితే ఒక డైరీ, మూడు మంత్రపు చుట్టలు దొరుకుతాయి. డైరీ చదివితే సంగతి అర్థమవుతుంది. మహానుభావుడు ఆకాశానికి ఎగిరే మంత్రం కనిపెట్టాడు గానీ, దిగే సంగతి ఆలోచించలేదు. ఒక చుట్ట చదివి గెంతితే మనమూ కొండలూ వాగులూ దాటి ఎగిరిపోతాం. నేల తాకేలోపు రెండోది చదవకపోయామో, మన గతీ అంతే. 2002లో బెథెస్డా వాళ్లు తెచ్చిన ‘మారోవిండ్’ ఆటలోది ఈ ముచ్చట. ఆ దారిన వెళ్లమని ఎవరూ చెప్పరు. ఆ చుట్టలు వాడి చూడమని అంతకంటే చెప్పరు.

“ఓపెన్ వరల్డ్ ఆటలంటారు, ఊళ్లకు ఊళ్లు మ్యాప్ పెడతారు, అంతా తిరిగితే ఏమొస్తుంది?” అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ టార్హియెల్ కథే చెబుతాను. నవ్వితే వాళ్లు మనవాళ్లు. “వాడి దగ్గర డబ్బెంత దొరుకుద్ది?” అని అడిగారా, మాట మార్చేస్తాను.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1984లో కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ కలిసి ‘ఎలీట్’ అనే ఆట చేశారు. 32 కిలోబైట్ల మెమరీ ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్లో ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 లోకాలు ఇరికించారు. ఇప్పుడు మన ఫోన్లో ఒక్క ఫొటోకి అంతకు ఎన్నో రెట్ల చోటు కావాలి. రెండేళ్లకు జపాన్‌లో షిగెరు మియమోతో ‘జెల్డా’ తెచ్చాడు. క్యోటో దగ్గర సోనొబెలో చిన్నప్పుడు కొండల వెంబడి తిరిగిన తిరుగుడూ, దీపం పట్టుకుని గుహలో దూరిన సాహసమూ ఆ ఆటకు మూలమంటారు. మిగతా చరిత్ర ఎవరైనా చెబుతారు.

మన వైపుకి ఈ విద్య నెట్ సెంటర్ల మీదుగా వచ్చింది. టెక్కలి, కాశీబుగ్గల్లో పరీక్ష ఫలితాలు చూసుకునే కంప్యూటర్లలోనే ‘జీటీఏ శాన్ ఆండ్రియాస్’ ఉండేది. 2004 నాటి ఆట, కాపీ సీడీల మీద ఊరూరా తిరిగింది. నోటుపుస్తకం చివరి పేజీలో చీట్ కోడ్‌లు రాసుకొచ్చేవారు పిల్లలు. ‘హెసోయమ్’ అని కొడితే డబ్బూ ఆరోగ్యమూ వచ్చి పడేవి. మిషన్లు ఆడేవాళ్లు తక్కువ, తిరిగేవాళ్లు ఎక్కువ. గంట డబ్బులు అయిపోయేదాకా సైకిల్ మీద చిలియాడ్ కొండెక్కి దిగడమే పని. ఆ కొండ అడవిలో బిగ్‌ఫుట్ అనే ఒళ్లంతా వెంట్రుకల మనిషి ఉన్నాడని పుకారు. జీడితోటల్లోకి నిజం ఎలుగుబంట్లే దిగివచ్చే ఉద్దానం పిల్లలు, టెక్కలిలో స్క్రీన్ ముందు కూచుని లేని బిగ్‌ఫుట్ కోసం అడవి గాలించారు! ఆ ఆటలో వాడు లేనే లేడు. అయినా వెతికినన్నాళ్లూ ఆ అడవికి ప్రాణముంది. పుకారు ఎంత ముదిరిందంటే, 2013లో ‘జీటీఏ 5’ చేసినప్పుడు రాక్‌స్టార్ వాళ్లే ఒక బిగ్‌ఫుట్‌ను పెట్టారు.

శాన్ ఆండ్రియాస్‌లో పనితనం ఎక్కడుందో చూడండి. ఆ రాష్ట్రమంతా కలిపి 36 చదరపు కిలోమీటర్లు. మూడు నగరాలు, ఒక ఎడారి, అడవులు, పల్లెలు అందులోనే సర్దాలి. ప్లేస్టేషన్ 2 మెమరీ 32 మెగాబైట్లు. అందుకని రోడ్లను వంకరలు తిప్పారు, నగరాల మధ్య కొండల్ని అడ్డం పెట్టారు, దూరమంతా మంచు కప్పేశారు. ఎదర ఏముందో కనిపించదు గనుక బోలెడుందనిపిస్తుంది. లాస్ శాంటోస్ నుంచి లాస్ వెంచురాస్ వెళ్తుంటే వేరే దేశం పోతున్నట్టే ఉండేది. యంత్రం బలహీనతనే విద్యగా మార్చుకున్నారు.

ఈ విద్యలో నేను దణ్ణం పెట్టే పని మాత్రం 2017లో వచ్చిన జెల్డా ఆట ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’. ఫుజిబయషి దర్శకుడు, అఒనుమ నిర్మాత. మొదలవగానే గుహలోంచి బయటికి పరిగెత్తి కొండకొమ్మున నిలబడతాం. దూరాన పొగలు కక్కే కొండ, కోట, నడిమికి చీలిన జంట శిఖరాలు. కనిపించేవాటన్నిటికీ నడిచే పోవచ్చు. గోడ ఉంటే గోడా ఎక్కొచ్చు, వాన పడితే మాత్రం కాలు జారుతుంది. అక్కడికి పోవాలనిపించేలా నేలను ఎలా చెక్కారో వాళ్లే ఆ ఏడాది జపాన్‌లో ఒక సభలో విప్పి చెప్పారు. కిటుకంతా త్రిభుజంలో ఉంది. పెద్ద త్రిభుజాలు దూరం నుంచి గుర్తుగా నిలబడే కొండలు. నడితరంవి దారిలో చూపుకి అడ్డంపడే దిబ్బలు. చిన్నవి నడకకు ఊపునిచ్చే రాళ్లూ రప్పలూ. త్రిభుజం ఎదురైతే మనిషికి రెండే దారులు, ఎక్కి దాటడమో చుట్టి పోవడమో. ఎక్కినవాడికి అవతలిది ఒక్కసారిగా కనిపిస్తుంది. చుట్టినవాడికి అంచునుంచి కొంచెం కొంచెంగా బయటపడుతుంది. ఇద్దరికీ తామే కనిపెట్టామనిపిస్తుంది.

మొదట్లో వాళ్లూ తప్పటడుగే వేశారు. బురుజుల్ని వరసగా పెడితే ఆడినవాళ్లలో ఎక్కువమంది చెప్పిన దారినే పోయి, ఎవరో తోలుతున్నట్టుందన్నారట. అప్పుడు నేలంతా తిరగదోడి, ఎక్కడినుంచి చూసినా నాలుగు వైపులా నాలుగు ఆశలు కనిపించేలా పేర్చారు. ఏ దూరం నడిస్తే విసుగు పుట్టదో తేల్చుకోడానికి ఫుజిబయషి తన ఊరు క్యోటో పటాన్ని ఆట మ్యాప్ మీద పరిచి చూసుకున్నాడు. తెలిసిన వీధుల్లో కాళ్లకు తెలిసిన దూరమది. పని వచ్చినవాడి లక్షణం ఇలా ఉంటుంది.

చిన్న పనితనమూ చెప్పాలి. దారిపక్కన మూడు చెట్లు వరసగా ఉంటాయి. చూసీచూడనట్టు పోతే అవి చెట్లే. నిలబడి చూస్తే రెండు చెట్లకు పండ్లు ఒకేలా ఉన్నాయి, మూడోదానికి ఎక్కువున్నాయి. ఆ ఎక్కువ పండ్లు కోసేస్తే ఆకుల ముఖం పెట్టుకున్న పొట్టి జీవి ఒకటి కిలకిలమంటూ బయటికొస్తుంది. ఇలాంటివి 900 దాచారు. అన్నీ ఏరినవాడికి దక్కేదేమిటో తెలుసా? బంగారు రంగు పెంటకుప్ప ఆకారంలో ఒక బొమ్మ! లెక్కకోసం ఏరేవాళ్లను ఇంతకంటే ముద్దుగా ఎవరూ వెక్కిరించలేదు.

మారోవిండ్‌కి మళ్లీ వస్తాను, నా పక్షపాతం నాది. అందులో వెళ్లాల్సిన చోటు మీద బాణం గుర్తు ఉండదు. మనుషులు మాటల్లో దారి చెబుతారు. మా ఉద్దానంలో దారి అడిగితే ఎలా చెబుతారో అలాగే: “ఇటుకేసి ఎల్లు బావూ, అమ్మోరి గుడి దాటినాక మూడు తాడిసెట్లు అగుపడతాయి, ఆటి పక్కనుంచి జీడితోటలోకి దిగు. కుక్క అరుస్తాది, ఏటీ సెయ్యదు. అక్కడ ఎవులినడిగినా సెప్తారు.” అలా పోయేవాడు గుడినీ చూస్తాడు, చెట్లనీ లెక్కపెడతాడు. బాణం వెంట పోయేవాడు బాణాన్నే చూస్తాడు. 2020 నాటి ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’ బాణం తీసేసి గాలినే దారి చూపించమంది. గడ్డి ఎటు వంగితే అటు పోవాలి. కళ్లు మాత్రం నేలమీదే ఉంటాయి. శభాష్ అనకుండా ఉండలేను.

తర్వాత 2022లో మియజాకి హిదెతక ‘ఎల్డెన్ రింగ్’. పైలోకంలో దాదాపు ఎక్కడినుంచి చూసినా కనిపించే బంగారు చెట్టొకటి నిలబెట్టి, మిగతాది మన కాళ్లకు వదిలేశాడు. తూర్పు అడవిలో చిన్న రాతి మండపం. లోపల లిఫ్టు. తొక్కితే దిగుతుంది, దిగుతూనే ఉంటుంది. ఇంకా ఆగదేమిటి అని కంగారుపడే వేళకు కింద చుక్కలు నిండిన ఆకాశం. భూమి లోపల! అప్పటిదాకా ఇదే మొత్తం అనుకున్న మ్యాప్ కింద ఇంకో మ్యాప్ ఉందని ఆట ఒక్క ముక్క చెప్పదు. ఎన్నోసారి దిగినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంత పనితనం చూసినవాణ్ని, ఇక మిగతాది చూస్తే కడుపు మండదా?

2007లో ‘అస్సాసిన్స్ క్రీడ్’లో బురుజెక్కి ఊరంతా చూడడం గొప్పగానే ఉండేది. యూబీసాఫ్ట్ దాన్ని అచ్చు చేసుకుని ఆటాటకీ కొట్టింది. 2012లో ‘ఫార్ క్రై 3’ వచ్చేసరికి బురుజు కాస్తా రేడియో టవరయింది. టవరెక్కు, మ్యాప్ మీద గుర్తులు మొలుస్తాయి, ఒక్కోటీ తుడుచుకుంటూ పో. దేశం చూడ్డానికి పోయినవాడు చిట్టా పట్టుకున్న గుమాస్తా అయిపోయాడు. 2018లో ‘అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’ ఇంకో మెట్టు దిగింది. పాత్ర ఎదుగుదలను త్వరపెట్టే బూస్టర్‌ను దుకాణంలో విడిగా డబ్బులకు పెట్టారు. ఆట ఆడకుండా ఉండడానికి డబ్బులా? పోనీ వాళ్లకు తెలియదా అంటే, గుర్తులు తీసేసి ఆనవాళ్ల మీద వెతుక్కునే పద్ధతి కూడా అదే ఆటలో పెట్టారు. తెలిసీ చేసిన పాపమది.

‘విచర్ 3’ అభిమానులు నన్ను తిట్టుకున్నా సరే చెబుతాను. పోలండ్‌వాళ్లు 2015లో చేసిన ఆ ఆటలో బ్లడీ బ్యారన్ కథకు సాటి కథ ఆటల్లో అరుదు. అంత రాయగలిగినవాళ్లు స్కెల్లిగె సముద్రం నిండా ప్రశ్నార్థకాలు చల్లారు. పడవేసుకుని పోతే దాదాపు ప్రతిదాని కిందా దొంగసరుకు పీపాలే. 2016 నాటి ‘నో మ్యాన్స్ స్కై’ సంగతి మరీ వింత. గణితంతో పుట్టించిన గ్రహాలు 1,80,000 కోటి కోట్లకు పైమాటే. అన్ని గ్రహాలు ఇచ్చి, మొదట్లో ఏ గ్రహంలోనూ చూడ్డానికి పెద్దగా ఏమీ పెట్టలేదు. తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా చేర్పులు చేసి పరువు నిలబెట్టుకున్నారు, ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి.

అన్నిటికంటే మండేది 2021 నవంబరులో జరిగింది. శాన్ ఆండ్రియాస్‌ను కొత్తగా ముస్తాబు చేస్తున్నామని చెప్పి పని వేరేవాళ్ల చేత చేయించి, మంచు తీసేశారు. చిలియాడ్ మీద నిలబడితే మూడు నగరాలూ ఒక్క చూపులో కనపడి, మనం కన్న రాష్ట్రం ఇంతేనా అనిపించింది. బలమైన యంత్రం ఉంది గనక దూరం చూపించాలి అనుకున్నవాడికి ఆ మంచు ఎందుకుందో తెలియలేదు. రాక్‌స్టార్ క్షమాపణ చెప్పింది. 2024లో పాత వెలుతురూ ఆకాశమూ తిరిగి తెచ్చారు. మూడేళ్లు పట్టింది!

ఇక ఫోన్లు. 2020లో చైనావాళ్ల ‘గెన్షిన్ ఇంపాక్ట్’ జెల్డా కొండల్నీ గడ్డినీ దింపేసుకుంది, అందంగానే దింపుకుంది. ఊరికే ఆడొచ్చు, కావలసిన పాత్ర రావాలంటే లాటరీ తియ్యాలి. దానికీ దిగువన మన బైకుల పేర్లు, మన బళ్ల రంగులు అతికించిన ఓపెన్ వరల్డ్ నకళ్లు ఉన్నాయి. రోడ్డుంటుంది, పక్కన డబ్బాల్లాంటి ఇళ్లుంటాయి, ఏ తలుపూ తెరుచుకోదు. నిమిషానికో ప్రకటన. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చిన కుర్రాడు రాత్రి అరగంట తిరగడానికి దొరికే లోకం ఇది. వాడికి ఇంతకంటే మంచిది బాకీ ఉన్నాం.

మనకు పనివాళ్లు లేరా అంటే ఉన్నారు. బెంగళూరులో రాక్‌స్టార్ స్టూడియో ఉంది, పుణేలో యూబీసాఫ్ట్ ఉంది. అమెరికా ఎడారులూ యూరప్ కోటలూ గీసేవాళ్లలో మనవాళ్ల చేతులున్నాయి. ఆ చేతులు ఒక్కసారి ఇటు తిరగాలని నా మొర. మందస వైపు నుంచి చూస్తే 1,500 మీటర్ల పైచిలుకు మహేంద్రగిరి, జెల్డావాళ్లు చెప్పే పెద్ద త్రిభుజం, పుట్టుకతోనే నిలబడి ఉంది. కిందికి దిగితే జీడి, కొబ్బరి తోటలు, చూపుకి నాలుగు గజాల దూరమే అందే చోట్లు. టెక్కలి పక్కన రావివలసలో పైకప్పు లేని గుడిలో ఎండకు నిలబడ్డ ఎండల మల్లికార్జునుడు. తేలినీలాపురం చెట్ల మీద సైబీరియా నుంచి వస్తాయని ఊరు చెప్పుకునే కొంగలు. నౌపడా ఉప్పుమళ్లు, అక్కణ్నుంచి పర్లాకిమిడి రాజు వేయించిన ఒకప్పటి చిన్న రైలు దారి. బారువ దగ్గర సముద్రం అడుగున చిల్కా అనే పాత స్టీమరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నేలమట్టం చేసిన తోటలు కూడా ఉండాలి, అవి లేని ఉద్దానం అబద్ధం. ఇంత నేల ఉండీ మన పిల్లలు డబ్బా ఇళ్ల మధ్య బైకు తోలుతున్నారు.

అంతదాకా ఆగలేనివాళ్లకు వరస చెబుతాను. పాత లాప్‌టాప్ మాత్రమే ఉంటే మారోవిండ్, అదైతే ఎందులోనైనా నడుస్తుంది. కన్సోల్ కొనగలిగితే బ్రెత్ ఆఫ్ ది వైల్డ్. తర్వాత ఎల్డెన్ రింగ్, చచ్చి చచ్చి బతికే ఓపిక ఉంటేనే. 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఆడేటప్పుడు మూలనున్న చిన్న మ్యాప్ ఆపేసి గుర్రమెక్కండి. రెండురోజులు దారి తప్పుతారు, తర్వాత వాగులూ వంతెనలూ పేర్లతో సహా గుర్తుంటాయి. విచర్ ఆడితే బ్యారన్ కథ విని ఆ పూరిళ్ల ఊళ్లలోనే తిరగండి. స్కెల్లిగె సముద్రంలోకి మాత్రం పడవ తియ్యకండి. పీపాలే.